వేడినీళ్ళ శారదమ్మ

మొయినాబాద్‌లో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే, ఇంజనీరింగ్ కాలేజీల బోర్డుల మధ్య ఇరుక్కున్నట్టు శ్యాంసుందర్ మందుల దుకాణం కనిపిస్తుంది. బోర్డు మీద పేరు ఆయనది. ఫార్మసీ చదివిన సర్టిఫికెట్టు ఆయనది. గోడకు వేలాడే లైసెన్సు కూడా ఆయనదే. దుకాణం మాత్రం ఆయన భార్య శారదాదేవిది. కావాలంటే ఆయన్నే అడగండి, ఇదే మాట చెప్తాడు, పైగా కాస్త గర్వంగా చెప్తాడు.

శారదాదేవి పుట్టిల్లు చేవెళ్ల. తండ్రి అక్కడ కందులు, మక్కలు కొని అమ్మే వ్యాపారి. రైతులతో బేరమాడే ఇంట్లో పెరిగిన పిల్ల కాబట్టి గొంతు చిన్నప్పుడే పెద్దదైంది. ఆ గొంతుకు భయపడి మందులు కొనడం మానేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటే, లేరు. తిట్లు తిని మరీ వచ్చేవాళ్ళు. తలనొప్పి గోళీ అడిగిన కాలేజీ పిల్లవాణ్ణి, "రాత్రంత ఫోన్ చూస్తే తల నొయ్యక పూలు పూస్తదారా?" అని కడిగేసేది. ఫార్మ్‌హౌస్ నుంచి పెద్ద కారులో దిగి, దిగీదిగగానే నిద్రమాత్రలు అడిగిన ఆసామికి, "చీటీ తెచ్చుకో, లేకుంటే పొలంల నాలుగు చక్కర్లు కొట్టు, నిద్ర అదే వస్తది" అని చెప్పి పంపించేది. ఎవరూ కోపం తెచ్చుకునేవారు కాదు. నోరు కారమైనా మనసు వెన్న అని ఊరందరికీ తెలుసు.

ఎవరికి ఏ మందిచ్చినా ఆఖర్న ఒక మాట చెప్పి పంపడం ఆమెకు అలవాటు. "వేడినీళ్ళతోనే వేసుకో." జ్వరానికీ అదే, జలుబుకూ అదే, బీపీ గోళీకీ అదే. చేవెళ్లలో వాళ్ళ నాయనమ్మ నేర్పిన మాట అది. జబ్బు చేసిన కడుపు ఆరిపోతున్న పొయ్యి లాంటిది, దాని మీద చన్నీళ్ళు కుమ్మరిస్తే ఇంకేం మిగులుతుంది అనేది ఆ ముసలమ్మ. శారదాదేవి ఆ మాటను మందుల దుకాణంలోకి తెచ్చి లైసెన్సు పక్కన తగిలించినంత పని చేసింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆమెను చాటుగా "వేడినీళ్ళ శారదమ్మ" అనుకునేవాళ్ళు. ఆమెకు తెలుసు. తెలియనట్టు ఉండేది, లోలోపల మురిసిపోయేది.

అవి ఐటీ కంపెనీలు గచ్చిబౌలిలో పట్టక కోకాపేట దాకా పాకుతున్న రోజులు. మొయినాబాద్‌లోనూ చేవెళ్లలోనూ ఎవరి నోట విన్నా కోట్లే. నిన్నటిదాకా టమాట తోటకు నీళ్ళు పెట్టినవాడు ఇవాళ ఎకరం కోటి అంటే "గంతేనా?" అని పెదవి విరిచేవాడు. పక్క ఊరి శంకరయ్య మాత్రం కోట్లు రాకముందే తొందరపడి అమ్ముకున్న బాపతు. ఉన్న కాస్త భూమికి నాలుగు వైపులా ఫార్మ్‌హౌసుల గోడలు లేస్తే, బావి దగ్గరికి దారి లేక అమ్మేశాడు. ఆ దిగులుతోనే ఏడాది తిరక్కుండా పోయాడు. వచ్చిన డబ్బుతో కొడుకు శ్రీశైలం ఒక కారు కొని ఐటీ కంపెనీకి కిరాయికి పెట్టాడు. తండ్రి ఎడ్లను కడిగినట్టే రోజూ కారును కడిగేవాడు. ఇంజనీర్లను ఎక్కించుకొని ఔటర్ రింగ్ రోడ్డు మీద పోవడం, పొద్దుగూకినాక మళ్ళీ ఇళ్ళకు చేర్చడం, ఇదీ అతని పని. తల్లి బాలనర్సమ్మకు ఇక వాడే పొలం, వాడే పంట.

అలాంటివాడికి పెద్దపేగు వాచింది.

అది నలుగురికీ చెప్పుకునే రోగమా? జ్వరమైతే దుప్పటి కప్పుకొని పడుకుంటే అయ్యో అనేవాళ్ళు ఉంటారు. కడుపులో మెలిపెట్టి, రక్తం పడి, ఉన్నపళంగా పరుగెత్తాల్సిన రోగాన్ని ఎవరికని చెప్తాడు? మామూలు పనివాడైతే ఎలాగో నెట్టుకొస్తాడు. ఇతనిది స్టీరింగు ముందు కూర్చునే బతుకు. నానక్‌రాంగూడ దగ్గర బండ్లన్నీ బారుతీరి నిలబడితే ముందుకు లేదు, వెనక్కు లేదు. ఒకరోజు కారులో ముగ్గురు ఇంజనీర్లను అలాగే వదిలేసి, ఇంకా కడుతున్న ఒక భవనంలోకి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి వెనక బండ్లు హారన్లతో ఆకాశం బద్దలు చేస్తున్నాయి. అప్పట్నుంచి తనకు తానే ఒక వైద్యం కనిపెట్టుకున్నాడు. డ్యూటీ ఎక్కే ముందు తినడు. డ్యూటీ మీద అసలే తినడు. కడుపులో ఏమీ లేకపోతే కడుపు ఏమీ అడగదు కదా అని. చొక్కా వదులై భుజాల మీద వేలాడేది. తల్లికి మాత్రం కంపెనీ క్యాంటీన్లో తింటున్నానని చెప్పేవాడు.

ఆఖరికి పట్నంలో ఒక కడుపు డాక్టరు రోగం ఏమిటో తేల్చి గోళీలు రాశాడు. వాటితో పాటు ఒక పొడి కూడా రాశాడు. గోళీలు మంటను ఆర్పితే, ఈ పొడి మళ్ళీ రాజుకోకుండా తోడు నిలబడుతుందని చెప్పాడు. ఆ చీటీ పట్టుకొని తల్లీ కొడుకులు శారదాదేవి దుకాణానికి వచ్చారు.

"గిది ఉత్త పొడి కాదు బాలనర్సమ్మా. దీంట్ల పానమున్న సన్న పురుగులుంటయి," అని చెప్పింది శారదాదేవి.

"పురుగులా! నా కొడుక్కు పురుగులు తాపిస్తరా?"

"అగో, ఉలికిపడకు. పాలల్ల తోడు ఏస్తే పెరుగైతది గద, గసొంటియే. మంచియి. ఒక్క పొట్లంల నలభై అయిదు వేల కోట్లు ఉంటయి."

బాలనర్సమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "అవ్వో! కోట్లంటే రోడ్డు మీది భూములకే అనుకుంటి. నా కొడుకు కడుపుల గూడ కోట్లేనా!"

ఆ పొట్లాలను చల్లగా ఉంచాలి. ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియదు, దుకాణంలో ఇన్వర్టరు ఉంది. అందుకని డబ్బాను శారదాదేవి తన ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పక్కనే పెట్టుకుంది. శ్రీశైలం పొద్దున్నే డ్యూటీకి పోతూ కారు ఆపి, పొట్లం చింపి, తన సీసాలో నీళ్ళలో పోసుకొని, నిలబడే గటగటా తాగి పోయేవాడు.

"అట్ల సల్లనీళ్ళల్ల తాగకురా! ఆగు, వేడినీళ్ళు పెట్టిస్త," అని ఆమె రోజూ అరిచేది.

"టైం లేదమ్మా!" అని అతను రోజూ నవ్వుతూ కారెక్కేవాడు.

మొండి వెధవ, చెప్పిన మాట వినడు, అని ఆమె విసుక్కునేది. అయినా మందు పనిచేసింది. రెండు నెలలు తిరిగేసరికి మధ్యాహ్నం పూట ఒక అరటిపండు తినే ధైర్యం వచ్చింది. చొక్కాలో మళ్ళీ మనిషి కనిపించసాగాడు.

సరిగ్గా అప్పుడే పొడి రావడం ఆగిపోయింది.

మందులు వేసే ఏజెన్సీ వాణ్ణి అడిగితే, ఇవాళ అన్నాడు, రేపన్నాడు, చివరికి ఫోనెత్తడం మానేశాడు. డబ్బా ఖాళీ అయింది. అరటిపండు మానేసి శ్రీశైలం మళ్ళీ పస్తులకు దిగాడు. శారదాదేవికి నిద్ర పట్టలేదు. ఎవడో బయటివాడి కడుపుకు నీకెందుకింత ఆరాటం అని శ్యాంసుందర్ అనలేదు. అంటే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు.

కంపెనీల తరఫున మందుల గురించి చెప్పడానికి టై కట్టుకొని వచ్చే కుర్రాళ్ళుంటారు కదా, వాళ్ళలో ఒకడు క్యాప్సూళ్ళ డబ్బా ముందు పెట్టి, "మేడం, ఇది కూడా ప్రోబయాటిక్కే. అదే పని చేస్తది," అన్నాడు. శారదాదేవి కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకొని డబ్బా మీది అక్షరాలు చదివింది.

"దీంట్ల ఎన్ని ఉన్నయి? నూటయాభై కోట్లు. పాతదాంట్ల ఎన్ని? నలభై అయిదు వేల కోట్లు. చెరువు నింపమంటే చాయ్ గ్లాసు పట్టుకొచ్చినవా నాయనా?"

శ్యాంసుందర్ కుర్చీలోంచే లెక్క కట్టాడు. "దానికి సమానం కావాలంటే రోజుకు మూడొందల గోళీలు మింగాలె శారదా."

"ఇన్నవా? పిలగాడు కారు నడపాల్నా, గోళీలు మింగుకుంట కూసోవాల్నా?"

టై కుర్రాడు నవ్వలేక నవ్వి డబ్బా సర్దుకున్నాడు. ఆ సాయంత్రమే బాలనర్సమ్మ వచ్చి, "ఇంట్ల బర్రె పెరుగు ఉన్నది గదమ్మా, అది సాలదా?" అని అడిగింది. అడిగిన తీరులోనే భయం తెలుస్తోంది. "పెరుగు మంచిదే, తినిపియ్యి. కానీ పెరుగు పెరుగే, మందు మందే. నువ్వు ఫికర్ జెయ్యకు, నేను తెస్త," అని మాటిచ్చేసింది శారదాదేవి. ఎక్కణ్ణుంచి తెస్తుందో ఆమెకే తెలియదు.

మర్నాడు దుకాణం మొగుడికి అప్పజెప్పి మెహిదీపట్నం బస్సెక్కింది. అక్కణ్ణుంచి కోఠి. మందుల టోకు దుకాణాలన్నీ ఉండే సందుల్లో కాలికి బలపం కట్టుకొని తిరిగింది. ఎండ నెత్తిన సుత్తితో కొడుతోంది. ఆఖరికి మల్లప్ప అనే పాత వ్యాపారి, శ్యాంసుందర్‌ను ఎరిగినవాడు, ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి అసలు సంగతి చెప్పాడు.

"అమ్మా, ఆ పొడి తయారుచేసే పద్ధతి కనిపెట్టినాయనకూ, అమ్మే కంపెనీకీ తగాద అయింది. ఇప్పుడు హోటల్ బోర్డు అదే ఉన్నది గానీ వంటమాస్టర్ వేరే హోటల్ల చేరిండు. మీకు బోర్డు కావాల్నా, వంట కావాల్నా?"

"బోర్డుతోని నాకేం పని? వంటనే కావాలె."

"అయితే పేరు మారింది, గిది తీసుకోండి," అని మల్లప్ప ఐసు పెట్టెలోంచి వేరే పేరున్న డబ్బా తీశాడు.

శారదాదేవి అంత తేలిగ్గా తీసుకునే రకమా? డబ్బాను అన్ని వైపులా ఫోటో తీసి శ్రీశైలానికి పంపింది. డాక్టరుకు చూపించి అడగమంది. గంట తర్వాత జవాబు వచ్చేదాకా మల్లప్ప దుకాణం గుమ్మంలోనే కూర్చుంది. ఇదే వాడొచ్చని డాక్టరు చెప్పాడని తెలిశాకే లేచింది.

తిరుగు బస్సులో థర్మకోల్ పెట్టెను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఐసు కరిగి నీళ్ళు చీర మీద కారుతున్నాయి. కండక్టరు టికెట్టు కొడుతూ, "ఏందమ్మా, చేపలా?" అన్నాడు.

కోమటింటి ఆడపడుచు! గుడ్డు కూడా గడప దాటనివ్వని ఇల్లు వాళ్ళది. "చేపలు తినెటోళ్ళ లెక్క కనవడుతున్ననా నీకు?" అని ఆమె లేచినంత పని చేసింది.

"మరి గంత జాగ్రత్తగ పట్టుకున్నవ్, ఐస్‌క్రీమా?"

"ఒక తల్లి కొడుకు పానం ఉన్నది దీంట్ల. డ్రైవరుకు చెప్పు, గతుకులల్ల మెల్లగ పోనియ్యమని!"

కండక్టరు పోయి డ్రైవరుకు నిజంగానే చెప్పాడు. మొయినాబాద్‌లో దిగేసరికి చీర ముందు కుచ్చిళ్ళన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆమె ముఖం మాత్రం యుద్ధం గెలిచి వచ్చినవాళ్ళ ముఖంలా ఉంది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ వారంలోనే, కంపెనీకి కార్లు పెట్టే కాంట్రాక్టరు దేవదాస్ శ్రీశైలాన్ని తెల్లవారుజాము డ్యూటీకి మార్చాడు. ఆ వేళకు దుకాణం తెరవరు. చేసేది లేక డబ్బాను ఇంటికి పంపాల్సి వచ్చింది. వాళ్ళింట్లో చిన్న ఫ్రిజ్ ఉంది. కరెంటు పోతే పక్కింటివాళ్ళ ఇన్వర్టరు ఉంది. బాలనర్సమ్మ వచ్చి డబ్బాను కొంగులో చుట్టుకుంటూ అడిగింది.

"దేంతోని ఇయ్యాలెనమ్మా?"

అడిగిందే ఆలస్యం, ఇన్నేళ్ళ అలవాటు నోటి చివర సిద్ధంగా ఉంది. "వేడినీళ్ళతోని. వాడు ఇన్నొద్దులు నా మాట ఇనకపాయె. ఇప్పుడు నీ చేతికి చిక్కిండు. మంచిగ కాగిన నీళ్ళల్ల కలిపియ్యి. ఫ్రిజ్‌ల చలి అంత పోవాలె, అప్పుడు కడుపుకు తాకదు."

ఐసు గడ్డల్లో కోఠి నుంచి మోసుకొచ్చిన మందు అది. చల్లదనం తగ్గితే పాడవుతుందని బస్సు డ్రైవరును కూడా బెదిరించిన మనిషి ఆమె. అయినా ఆ రెండు సంగతులూ ఆమె తలలో ఒకదానికొకటి తగల్లేదు. ఫ్రిజ్‌లో ఉన్నంతసేపు అది మందు. కడుపులోకి పోయేటప్పుడు అది నాయనమ్మ రాజ్యం. బాలనర్సమ్మ ఆ మాటను దేవుడి తీర్థంలా స్వీకరించి వెళ్ళింది.

వారాలు గడిచాయి. శ్రీశైలం కోలుకోలేదు సరికదా, ఇంకా క్షీణించాడు. రక్తం మళ్ళీ మొదలైంది. ఒకరోజు కారు రోడ్డు మధ్యలో ఆగింది. ఇంకోరోజు మళ్ళీ ఆగింది. కంపెనీ నుంచి ఫిర్యాదు వచ్చింది. దేవదాస్ చెడ్డవాడేం కాదు, కానీ అతనికీ పైన ఒకరున్నారు. "అన్నా, ఇంకొక్కపారి బండి నడుమ ఆగితే నీ బండి తీసేసి ఇంకోటి పెట్టాల్సి వస్తది. నేనేం చెయ్యలేను," అని చెప్పేశాడు. ఆ కారు పోతే శ్రీశైలానికి ఇంకేముంది? పొలం లేదు. బావి లేదు.

శారదాదేవి కోపం ముందు మల్లప్ప మీద పడింది. ఫోన్ చేసి, "నువ్విచ్చింది మందా, సున్నమా?" అని ఎడాపెడా కడిగేసింది. ఆయన ఒట్టేసి చెప్పినా నమ్మలేదు. తర్వాత, ఓ మధ్యాహ్నం దుకాణానికి వచ్చిన శ్రీశైలం మీద పడింది.

"నిజం చెప్పు. బయట మిర్చిబజ్జీలు తింటున్నవ్ గద?"

"ఏం తింటలేనమ్మా."

"అబద్ధం! తినకుంటే గింత మంచి మందు ఎందుకు పని చెయ్యది? నేను ఎండల పడి తిరిగి తెస్తే, నువ్వు నాలుక కట్టుకోలేవా?"

దుకాణంలో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. శ్రీశైలం తల వంచుకొని కారెక్కి పోయాడు. తిట్టినా నవ్వుతూ పోయేవాడు అలా పోవడం చూసి శ్యాంసుందర్, "శారదా, ఎక్కువైంది," అన్నాడు. ఆయన ఆ మాట అనడం చాలా అరుదు.

మర్నాడు బాలనర్సమ్మ వచ్చింది. గొడవకు వచ్చిందేమో అనుకుంది శారదాదేవి. ఆమె కౌంటరు ముందు నేల మీద చతికిలబడింది. "శారదమ్మా, వాడు అన్నమే ముడుతలేడు. క్యాంటీన్ల తింటున్న అని ఇన్నొద్దులు నాకు అబద్ధం చెప్పిండు. నిన్న పొద్దుగూకినంక కంచంల అన్నం పెడితే, దాన్ని చూసుకుంట ఏడ్వవట్టె. ఆకలైతున్నదవ్వా, తింటే రేపు బండి ఆగుతదేమో అన్నడు. నా కొడుకు అన్నాన్ని చూసి భయపడుతున్నడమ్మా."

శారదాదేవి చేతిలోని గోళీల అట్ట కిందపడింది. తాను అందరి ముందు ఏం మాటన్నదో గుర్తొచ్చింది. "లేవు. డాక్టరు దగ్గరికి పోదాం. నేనూ వస్త," అంది.

ముగ్గురూ శ్రీశైలం కారులోనే పోయారు. దారిలో రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. రెండుసార్లూ ఆడవాళ్ళిద్దరూ కిటికీ అవతలికి చూస్తూ కూర్చున్నారు.

డాక్టరు ఓపికగల మనిషి. కాగితాలన్నీ చూశాడు. గోళీలు వేళకు వేస్తున్నారా అని అడిగాడు. పొడి ఎక్కడ పెడుతున్నారన్నాడు. ఫ్రిజ్‌లో అంటే, మంచిదన్నాడు. "దేంట్లో కలిపి ఇస్తున్నారమ్మా?" అని అడిగాడు.

"నీళ్ళల్లనయ్యా," అంది బాలనర్సమ్మ.

"చల్లని నీళ్ళేనా?"

"అయ్యో, కాదు. కాగినయి. పొయ్యి మీదికెల్లి దించంగనే కలుపుత."

డాక్టరు రాస్తున్న కలం పక్కన పెట్టేశాడు. "అమ్మా, అవి ప్రాణమున్నవి. కాగిన నీళ్ళల్లో పోస్తే అక్కడికక్కడే చచ్చిపోతయి. ఇన్ని వారాలు మీ అబ్బాయి ఉత్త పిండి తాగిండు. చల్లటి నీళ్ళల్లో గానీ పెరుగులో గానీ కలపాలి. డబ్బా మీద రాసే ఉంటది. వేడినీళ్ళని మీకు ఎవరు చెప్పిన్రు?"

శారదాదేవి ఆ డబ్బాను కోఠిలో అన్ని వైపులా తిప్పి చూసింది. డబ్బా మీద ఎన్ని కోట్లున్నాయో చదివింది. ఎంత చల్లగా ఉంచాలో చదివింది. ఎలా తాగాలన్నది మాత్రం చదవలేదు. అది తనకు తెలుసనుకుంది.

బాలనర్సమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎవరు చెప్తరయ్యా? నేనే నా బుద్ధితోని చేసిన. సదువురాని పల్లెటూరిదాన్ని. ఎవరూ చెప్పలే," అంది.

శారదాదేవి ఆమె ముఖంలోకి చూసింది. బాలనర్సమ్మ మాత్రం డాక్టరునే చూస్తోంది. అలాగే ఊరుకుంటే సరిపోయేది. మొయినాబాద్‌లో ఎవరికీ తెలిసేది కాదు. ఇన్నేళ్ళ పేరు పేరుగానే ఉండేది. శారదాదేవి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"లేదు డాక్టర్ గారూ. ఆమె అబద్ధం చెప్తున్నది. చెప్పింది నేను. మందుల దుకాణం నాది. నేనే చెప్పిన కాగిన నీళ్ళల్ల కలపమని." అక్కడితో ఆగలేదు. శ్రీశైలం వైపు తిరిగింది. "తప్పు నేను చేసి నిన్ను పదిమందిల తిట్టిన బిడ్డా. నన్ను మన్నించు."

శ్రీశైలం కంగారుపడి లేచి నిలబడ్డాడు. "అయ్యో, గంత మాట ఎందుకమ్మా!" అన్నాడు.

డాక్టరు కోప్పడలేదు. కొత్తగా కొన్ని గోళీలు రాశాడు. పొడిని మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టమన్నాడు, ఈసారి పెరుగులో. కొన్నాళ్ళు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. నిదానంగా తగ్గుతుంది, తొందరపడకండి అని చెప్పి పంపించాడు.

మెట్లు దిగుతుంటే శారదాదేవి, "అబద్ధం ఎందుకు చెప్పినవ్ బాలనర్సమ్మా? నీ కొడుకు పానం మీదికి తెచ్చినదాన్ని ఎందుకు కాపాడినవ్?" అని అడిగింది.

"నువ్వు కావాలని చేసినవా? చీర తడుపుకుంట ఐసు పెట్టె ఒళ్ళె పెట్టుకొని వచ్చినవ్. గంత చేసినదానివి, నిన్ను పట్టిస్తే నాకు అన్నం పుడుతదా?" అంది బాలనర్సమ్మ. దవాఖాన మెట్ల మీద, వచ్చేపోయేవాళ్ళందరూ చూస్తుండగా, శారదాదేవి ఆమె భుజం మీద తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది.

ఇక ఊరుకుంటుందా? మర్నాడే దేవదాస్‌ను దుకాణానికి పిలిపించింది. బండి నడవాలి, అంతే కదా. శ్రీశైలం లేచేదాకా అదే ఊరి భిక్షపతి ఆ కారు నడుపుతాడు. బండి మాత్రం తీసెయ్యడానికి వీల్లేదు. తెల్లవారుజాము డ్యూటీ కూడా కుదరదు. "పేగు మంట ఉన్నోణ్ణి కోడికూతకు లేపుతవా? నీకు పిల్లలు లేరా?" అని మొదలుపెట్టేసరికి దేవదాస్ చేతులెత్తేసి అన్నిటికీ ఒప్పుకున్నాడు. మల్లప్పకు ఫోన్ చేసి, అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంది. అది ఆమెకు దేవదాస్‌ను ఒప్పించడంకన్నా కష్టమైంది.

రోగం ఒక్కరోజులో పోలేదు. ఒక వారం బాగుంటే ఇంకో వారం మొరాయించేది. బాలనర్సమ్మ గిన్నెలో చల్లటి పెరుగు వేసి, పొట్లం చింపి కలిపి, కొడుకు తాగేదాకా ఎదురుగా కూర్చునేది. వానలు పడ్డాయి. రక్తం ఆగింది. శ్రీశైలం ఇంట్లో రెండు పూటలా తింటున్నాడు. కానీ అది ఇల్లు. పెరట్లోనే అన్నీ ఉన్నాయి. మళ్ళీ స్టీరింగు ముందు కూర్చుంటే పాత భయం పట్టుకొని పస్తులు మొదలుపెడతాడేమోనని తల్లికి దిగులు. శారదాదేవికీ అదే దిగులు, పైకి చెప్పేది కాదు అంతే.

డాక్టరు సరేనన్నాక, శ్రీశైలం డ్యూటీకి పోయే మొదటి రోజు వచ్చింది. కారు దుకాణం ముందు ఆపాడు. పక్క సీట్లోంచి బాలనర్సమ్మ స్టీలు డబ్బాతో దిగింది. ఇంట్లో తినమంటే తర్వాత తింటానన్నాడట, అందుకని వెంటబడి వచ్చింది. శారదాదేవి కౌంటరు అవతల ఊపిరి బిగబట్టి నిలబడింది. తినమని చెప్పే హక్కు ఇంకా తనకు ఉందో లేదో ఆమెకు తెలియడం లేదు.

శ్రీశైలం డబ్బా వైపు చూశాడు. కారు వైపు చూశాడు. కాసేపు ఎటూ తేల్చుకోలేనట్టు నిలబడ్డాడు. తర్వాత దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. తల్లి గిన్నెలో పెరుగన్నం పెట్టింది. మొదటి ముద్ద చాలాసేపు నమిలాడు. రెండోది కొంచెం తొందరగా పోయింది. మూడోది, నాలుగోది.

అప్పుడు ఫోన్ మోగింది. ఎక్కించుకోవలసిన ఇంజనీరమ్మ. బాలనర్సమ్మ చేతిలో గరిటె అలాగే ఆగింది. ఆ ఫోన్ మోగితే చేతిలో ఏముంటే అది వదిలేసి లేచే కొడుకు అతను. శారదాదేవి శ్యాంసుందర్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

శ్రీశైలం ఎడమ చేత్తో ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మేడం, జర పది నిమిషాలు ఆగండి. అన్నం తింటున్న," అన్నాడు.

ఫోన్ మెట్టు మీద పెట్టి, గిన్నెను తల్లి ముందుకు చాచాడు.